కదలని రెండున్నర గంటలు

తెల్లబట్ట మీద ఎర్రటి ధూళి పడింది.

గోడకు డ్రిల్లుతో కన్నం వేస్తున్న కుర్రాడు నిచ్చెన మీద నుంచి కిందికి చూశాడు. పొడుగాటి బల్ల మీద పన్నెండు మీటర్ల తెల్లబట్ట పరిచి ఉంది. బల్లకు అవతల ఒక అమ్మాయి పెద్ద కత్తెర పట్టుకుని, తలెత్తి అతన్నే చూస్తోంది.

"దిగండి," అంది.

"ఇంకొక్క కన్నమేనండి."

"దిగమన్నాను కదా."

కత్తెర చూసి దిగాడు.

"ఇదేంటో తెలుసా?"

"బట్ట."

"బడిపిల్లల చొక్కాలకి తెచ్చిన బట్ట. ఇప్పుడు వాళ్ళు దద్దుర్లు లేచిన చొక్కాలు వేసుకుని బడికెళ్ళాలా?"

"దులిపితే పోతుందండి."

"అయితే దులపండి."

దులిపాడు. దులిపినకొద్దీ ఎరుపు బట్టలోకి ఇంకింది. గుండీలు కుట్టే మిషన్ దగ్గర ఒక పెద్దావిడ ఉంది. షెడ్డులో అందరూ ఆవిడని గుండీల అక్క అంటారు. ఆవిడ మిషన్ ఆపి చూసింది.

"తమ్ముడూ, చెయ్యి పెట్టకు. నోటితో ఊదు," అంది.

ఆ మాట పట్టుకుని అతను పన్నెండు మీటర్లూ ఊదుకుంటూ పోయాడు. చివరికి చేరేసరికి కళ్ళు తిరిగాయి. ఆ అమ్మాయి నవ్వు కనబడకుండా అటు తిరిగి నిలబడింది. కానీ భుజాలు ఊగుతున్నాయి. తన కళ్ళు తిరిగింది ఊదినందుకో, ఆ భుజాలు చూసినందుకో అతనికి తేలలేదు.

అది బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డు. ఇరవై మిషన్లు. యజమాని ఒకప్పుడు కటింగ్ మాస్టరు, ఇప్పటికీ అందరికీ మాస్టారే. మాట తక్కువ మనిషి. ఆయనకి ఒక్కతే కూతురు, ఆ కత్తెర అమ్మాయే. ఆ పిల్ల చిన్నప్పుడే తల్లి పోయింది. పెట్టెలు సర్దించడం, పంపడం, ఆలస్యంగా వచ్చినవాళ్ళ మీద అరవడం అన్నీ ఆ కూతురే. పంపిన పెట్టెలు అందలేదని రెండు స్కూళ్ళవాళ్ళు ఈమధ్య గొడవ పెట్టారు. పంపామని చూపించడానికి మాస్టారు ఎనిమిది కెమెరాలు పెట్టించాడు. వాటిని బిగించడానికి వచ్చినవాడే ఈ కెమెరా అబ్బాయి.

పని అయ్యాక ఆఫీసు గదిలో ఆమెకి అంతా చూపించాడు.

"ప్రతి కెమెరాకీ ఒక అడ్రస్ ఉంటుందండి, ఇంటి నంబరులాగా. ఒక్కటే వైరు. అందులోనే కరెంటు వెళ్తుంది, అందులోనే బొమ్మ వస్తుంది. వైర్లన్నీ ఇదిగో ఈ స్విచ్‌లోకి. ఇక్కడి నుంచి రికార్డర్‌లోకి. లోపల డిస్కు ఉంది. ఇరవై రోజులు దాస్తుంది."

"ఇరవై రోజులయ్యాక?"

"పాతది చెరిపేసి దాని మీద కొత్తది రాసుకుంటుంది."

"అడక్కుండానే?"

"అడక్కుండానే."

"మగాళ్ళెవరో చేసుంటారు దీన్ని," అంది గుమ్మంలో నుంచి గుండీల అక్క.

"ఏదైనా గానీ, కెమెరా మటుకు అబద్ధం చెప్పదండి," అన్నాడు అతను కాస్త గర్వంగా. "జరిగింది జరిగినట్టు చూపిస్తుంది."

మూడో రోజే ఆమె ఫోన్ చేసింది.

"ప్యాకింగ్ బల్ల చూస్తుంటే ఉన్నట్టుండి వెనక గుమ్మం కనబడుతోంది. కాసేపటికి మళ్ళీ బల్ల. ఏంటిది?"

వచ్చి చూశాడు. చూసి చెవులు ఎర్రబడ్డాయి.

"రెండింటికీ ఒకే అడ్రస్ ఇచ్చేశానండి."

"రెండిళ్ళకి ఒకే నంబరా? పోస్టుమాన్ ఏమైపోవాలి?"

"పిచ్చెక్కుతుంది. మీరు చూస్తున్నది అదే."

"ఇలాంటి తప్పు రోజూ చేస్తారా?"

"ఎప్పుడూ చెయ్యలేదండి. ఆ రోజు తలకి ఊపిరి సరిగ్గా అందలేదు."

అతను వెళ్ళేటప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చింది.

వానాకాలం వచ్చింది. బయటి కెమెరాలోకి నీళ్ళు దిగుతున్నాయేమోనని ఒక సాయంత్రం పిలిపించారు. అతను వానలోనే నిచ్చెన ఎక్కి మూత విప్పాడు. ఆమె కుర్చీ మీద నిలబడి గొడుగు పట్టింది. గొడుగు సరిగ్గా కెమెరా మీద ఉంది. అతను మెడ దాకా తడిశాడు.

"నాక్కూడా కాస్త పట్టొచ్చుగా."

"మీరు తడిస్తే ఆరుతారు. కెమెరా ఆరదన్నారుగా."

"జ్వరం వస్తే?"

"వస్తే ఫోన్ చెయ్యండి."

"చేస్తే వస్తారా?"

గొడుగు మెల్లగా జరిగి అతని తల మీదికి వచ్చింది. కెమెరా తడిసింది. అతను దాన్ని మరుసటి రోజు తన దగ్గరున్న కొత్తదానితో మార్చి, ఎవరితోనూ ఏమీ అనలేదు.

అక్కడి నుంచి మీరు పోయి నువ్వు వచ్చింది. రెండు నెలలు గడిచాయి. ఒక రోజు ఆమె చెప్పింది.

"నాన్నతో మాట్లాడు. శనివారం ఒంటిపూటే పని. అందరూ వెళ్ళిపోతారు. నాలుగింటికి ఆఫీసు గదిలో ఉండు. నాన్న వస్తాడు."

"నువ్వు?"

"నేనుంటే నువ్వు నన్నే చూస్తావు. మా పిన్ని వాళ్ళింటికి వెళ్తాను. ఇదిగో తాళంచెవి. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆ కాలు ఊపడం మానెయ్."

"ఏ కాలు?"

"ఇప్పుడు ఊపుతున్న కాలు. మా నాన్నకి కాలు ఊపేవాళ్ళంటే పడదు. మిషన్ తొక్కడానికి తప్ప కాలు కదలకూడదంటాడు. ఫోన్ కట్టేసి కదలకుండా కూర్చో. నాన్న వద్దంటే వద్దే. ఆయన్ని కాదని నేను రాలేను, ముందే చెప్తున్నాను."

శనివారం అతను మూడున్నరకే వచ్చి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు తిరిగాడు. నాలుగూ రెండుకి లోపలికి వెళ్ళాడు. ఫోన్ ఆపేశాడు. బల్ల మీద కాగితాలు ఎగురుతాయని ఫ్యాను కూడా వేసుకోలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

అయిదయింది. మాస్టారు రాలేదు. చెప్పాల్సిన మాటలు మనసులో ఒకసారి చెప్పుకున్నాడు. బాగానే ఉన్నాయి. రెండోసారి చెప్పుకున్నాడు. ఎవరివో మాటల్లా ఉన్నాయి. మూడోసారి తన పేరు కూడా తనదేనా అన్నట్టు తోచింది. ఆరయింది. కాళ్ళు మొద్దుబారాయి. ఆరున్నర దాటాక, రాకపోవడమే జవాబు అనుకున్నాడు. లేచి, తాళం వేసి, తాళంచెవి తలుపు కింద నుంచి లోపలికి తోసి వెళ్ళిపోయాడు.

ఆమెకి ఫోన్ చెయ్యలేదు. ఏమని చేస్తాడు? మీ నాన్న నా ముఖం కూడా చూడదల్చుకోలేదు అనా? తనే చేస్తుందిలే అనుకున్నాడు. ఆమె చెయ్యలేదు. ఆదివారమంతా ఫోన్‌ని చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

సోమవారం పొద్దున్నే కెమెరాల కంపెనీలో పెద్దాయన చీటీ ఇచ్చాడు.

"యూనిఫారాల షెడ్డు నుంచి కంప్లైంటు. శనివారం రికార్డులో రెండున్నర గంటలు మాయమట. పెట్టింది నువ్వేగా, నువ్వే వెళ్ళు."

షెడ్డులోకి అడుగుపెట్టగానే గుండీల అక్క అతన్ని చూసి తల అడ్డంగా ఊపింది. ఆఫీసు గదిలో ఆమె నిలబడే ఉంది.

"రండి, కూర్చోండి," అంది.

రెండు నెలలు నువ్వు అన్న నోటితోనే.

"ఆరో కెమెరా. ఈ గదిదే. చూడండి," అంటూ రికార్డర్ తిప్పింది.

నాలుగూ రెండు. తలుపు తెరుచుకుంది. అతనే లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చున్నాడు. అంతే, బొమ్మ ఆగిపోయింది. ఆ తర్వాత కింద టైము చూపించే గీత మీద అంతా ఖాళీ. మళ్ళీ బొమ్మ ఆరూ ముప్పై ఒకటికి. అతను కుర్చీలోంచి లేచి, ఒళ్ళు విరుచుకుని, బయటికి వెళ్ళాడు.

"మధ్యలో ఎక్కడికి వెళ్ళారు?"

"ఎక్కడికీ వెళ్ళలేదు. ఇక్కడే కూర్చున్నాను."

"కెమెరా అబద్ధం చెప్పదని ఎవరన్నారు?"

"నేనే."

"మరి ఎవరు చెప్తున్నారు అబద్ధం?"

అతనికి ఏమీ అర్థం కాలేదు. కూర్చున్నమాట నిజం. రికార్డులో లేనిమాటా నిజం. తన మీద తనకే అనుమానం వచ్చింది. ఒకవేళ నిద్రపోయానా? నిద్రపోతే మాత్రం మనిషి కెమెరాలోంచి మాయమవుతాడా?

"నిన్న నాన్నని అడిగాను," అందామె. "నేను వెళ్ళలేదు అన్నాడు. ఎందుకని అడిగితే కంచంలోకి చూశాడు. ఏదో చూసి ఆయన మనసు విరిగిందనుకున్నాను. అందుకే రికార్డు తీశాను. ఈ పెట్టె పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ముగ్గురే. ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం చేతనైనవాడు ఒక్కడే."

"నేను ఆపి ఊరు తిరిగొచ్చాననా?"

"కూర్చునే ఓపిక లేకపోతే లేదని చెప్పాల్సింది. చివర్లో వచ్చి కుర్చీలో కూర్చుని లేచినట్టు నటించడం దేనికి?"

అతను స్విచ్ చూశాడు. ఆరో దీపం బాగానే వెలుగుతోంది. వైరు పీకి మళ్ళీ పెట్టాడు. బొమ్మ వచ్చింది. డిస్కు చూశాడు, బాగుంది. ఏమీ తోచక, అనకూడని మాట అనేశాడు.

"పాస్‌వర్డ్ మీ నాన్నగారికి కూడా తెలుసుగా. నచ్చక ఆయనే చెరిపారేమో."

ఆమె ముఖం తెల్లబోయింది.

"మా నాన్నకి ఫోన్‌లో అలారం ఆపడం రాదు. పొద్దున్నే నేనే ఆపాలి," అంది. "మీరు చూసింది చాలు. లేవండి."

అతను లేవలేదు. ఇప్పుడు లేస్తే మళ్ళీ ఈ గదిలోకి రాలేనని తెలుసు. రికార్డర్‌లో ఒక్కో పేజీ తెరుస్తూ పోయాడు. ఒకచోట అతని వేలు ఆగింది.

"దీన్ని ఎవరు మార్చారు?"

"దేన్ని?"

"నేను పెట్టినప్పుడు రోజంతా రాసుకునేట్టు పెట్టాను. ఇప్పుడు ఏదైనా కదిలితేనే రాసుకునేట్టు ఉంది. కదలిక ఆగితే పది సెకన్లు చూసి ఆగిపోతుంది. మార్చిన తేదీ కూడా ఉంది. పోయిన నెల మూడో తారీకు, పదకొండూ నలభై."

ఆమె వేళ్ళ మీద తేదీలు లెక్కపెట్టుకుంది.

"ఆ రోజు నేనే మీకు ఫోన్ చేశాను. స్కూళ్ళవాళ్ళు నెల తర్వాత కూడా అడుగుతున్నారు, నెలరోజులు దాచాలి అన్నాను. ఇది చోటు పొదుపు చెయ్యమంటావా అని అడుగుతోంది, ఏం నొక్కను అన్నాను. మీరు అవును నొక్కమన్నారు."

"నేనా?"

"ఏమడిగినా అవును, అవును అన్నారు. నాలుగుసార్లు నొక్కాను."

అతను తల పట్టుకున్నాడు.

"నువ్వు ఏమడిగావో నేను వినలేదు."

"మరేం విన్నారు?"

"గొంతు విన్నాను."

ఆమె కోపం తెచ్చుకుందామని చూసింది గానీ అది చేతికి అందలేదు.

"ఇది కూడా కథేమో, నాకెలా తెలుస్తుంది?"

"ఆరూ ముప్పై ఒకటి మళ్ళీ చూడు. కదలికకి అయిదు సెకన్ల ముందు నుంచి దాస్తుంది ఇది. బొమ్మ మొదలయ్యేసరికి నేను ఎక్కడున్నాను?"

"కుర్చీలో."

"తలుపు తీసి వచ్చినట్టు ఉందా?"

"లేదు."

"నాలుగింటి తర్వాత బయటికి వెళ్ళినట్టు ఉందా? వెళ్ళడమంటే కదలడమే. వెళ్తే దానికి దొరికిపోయేవాణ్ణి."

ఆమె మూడుసార్లు వెనక్కి తిప్పి చూసింది. ముఖంలో కోపం పోయింది, కంగారు పోలేదు.

"నువ్వూ కూర్చో," అన్నాడతను. "ఇదిగో ఈ ఎర్రచుక్క. ఇది వెలుగుతుంటే రాసుకుంటున్నట్టు. కదలకు."

ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. చుక్క వెలుగుతూనే ఉంది.

"ఊపిరి తీసుకోవచ్చా?" పెదవి కదపకుండా అడిగింది.

"తీసుకోవచ్చు."

చుక్క ఆరిపోయింది. ఇద్దరూ ఎదుటే ఉన్నారు, బొమ్మలో కనబడుతున్నారు, కానీ పెట్టె వాళ్ళని రాసుకోవడం మానేసింది.

"కళ్ళు తిప్పితే?"

"కళ్ళంత చిన్న కదలిక దానికి ఆనదు."

ఆమె తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి అతన్ని చూసింది. అతనూ అలాగే చూశాడు. షెడ్డులో మిషన్లు తిరుగుతున్నాయి. చుక్క వెలగలేదు. ఎంతసేపు అలా ఉన్నారో ఏ రికార్డులోనూ లేదు.

గుండీల అక్క తలుపు తోసింది. చుక్క గభాలున వెలిగింది.

"ఏంటి, ఫొటో దిగుతున్నారా?" అని ఇద్దరినీ చూసి, "కానివ్వండి, కానివ్వండి," అంటూ వెళ్ళిపోయింది.

"నువ్వు ఇలాగే రెండున్నర గంటలు కూర్చున్నావా?"

నువ్వు తిరిగి వచ్చింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"కదలొద్దన్నావుగా."

"అంటే ఇంతలా అనా?"

"దోమ కుట్టింది. రెండుచోట్ల."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

"మరి నాన్న ఎందుకు రాలేదు?"

"నేను నచ్చలేదు. అది రికార్డు చూడక్కర్లేకుండానే తెలుస్తోంది."

"నేను ఎదురు టీ కొట్లో ఉన్నాను," అన్నారెవరో.

గుమ్మంలో మాస్టారు. చంకలో కాగితం పొట్లం. ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ చూసుకోలేదు. అతను దిగ్గున లేచి నిలబడ్డాడు.

"టీ కొట్లోనా? ఎప్పుడు నాన్నా?"

"శనివారం. నాలుగింటి నుంచీ."

"రోడ్డు దాటితే షెడ్డే కదా. లోపలికి రాలేదేం?"

మాస్టారు కాగితం పొట్లాన్ని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చాడు.

"వచ్చి ఏమడగాలి?" అన్నాడు. "ఇలాంటివి మీ అమ్మ అడగాల్సినవి. నాకు చేతకాదు. ఫోన్‌లో ఒక్కటి నొక్కితే ఈ గది కనబడేట్టు పెట్టావు కదా బాబూ, అది చూస్తూ కూర్చున్నాను. ఏదైనా తోస్తే లోపలికి వద్దామని. తోచలేదు."

ఆమె కెమెరా అబ్బాయి వైపు తిరిగింది.

"రికార్డులో లేనిది ఫోన్‌లో ఎలా కనబడింది?"

"లైవ్ వేరు, రికార్డు వేరు. కెమెరా ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. దాచుకోవడం మటుకు మనం చెప్పినంతే దాచుకుంటుంది."

"ఒక్కసారి కాలు ఊపినా లేచి ఇంటికి పోదామనుకున్నాను," అన్నాడు మాస్టారు. "ఊపలేదు. అయిదు దాటాక నాకే భయమేసింది, బొమ్మ ఆగిపోయిందేమోనని. టీ కొట్టతనికి చూపించాను. కింద గడియారం తిరుగుతోంది కదండీ, బొమ్మ బాగానే ఉంది, మనిషే అలా ఉన్నాడు, అన్నాడు."

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"వెళ్ళావా అని అడిగావు. వెళ్ళలేదన్నాను."

"తర్వాత ఎందుకని అడిగాను."

"ధైర్యం చాలలేదని కూతురికి ఎలా చెప్తారు?"

ఆ మాటకి గదిలో ముగ్గురూ మూడు వైపులకి చూశారు. మాస్టారే ముందు తేరుకుని పొట్లం విప్పాడు. లోపల చొక్కా. లేత నీలం. ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టు మడత ఇంకా వెచ్చగా ఉంది.

"నిన్న కుట్టాను. మాటలు చేతకాకపోతే ఇదైనా చేతనవుతుందని. వేసుకో."

అతను ఉన్న చొక్కా మీదే తొడుక్కున్నాడు. భుజాలు మోచేతుల వైపు జారిపోయాయి. లోపల ఇంకొకరు పట్టేటంత చోటుంది. ఆమె నోరు గట్టిగా మూసుకుంది. మాస్టారు ముఖం పాలిపోయింది.

"నలభై ఏళ్ళుగా కంటితో చూసి కోస్తున్నాను," అన్నాడు మెల్లగా. "ఒక్క చొక్కా తప్పలేదు."

"తప్పు మీది కాదు మాస్టారూ, మీరు ఫోన్‌లో చూసిన బొమ్మది. గది మొత్తం పట్టాలని ఆ కెమెరాకి వెడల్పు అద్దం వేశాను. మధ్యలో ఉన్నవి ఉన్నట్టే కనబడతాయి. అంచుకి పోయేకొద్దీ సాగుతాయి. నేను మూల కుర్చీలో కూర్చున్నాను."

"సాగుతాయా?"

"సాగుతాయి."

"అయితే నువ్వు ఇంత లావు కాదన్నమాట."

"కాదండి."

మాస్టారు కెమెరా వైపు చూశాడు, కుర్రాడి వైపు చూశాడు, మళ్ళీ కెమెరా వైపు చూశాడు. అంతసేపూ ఆమె తండ్రి చేతులనే చూస్తోంది. ఆ చేతులు జేబులోంచి టేపు తీశాయి.

"తిరిగి నిలబడు బాబూ. అమ్మాయ్, రాసుకో."

ఆమె బల్ల మీదున్న కొలతల పుస్తకం అందుకుంది. మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

"అది బయటివాళ్ళది. ఇంటి పుస్తకం తీసుకురా."

బీరువా అడుగున పాత గుడ్డలో చుట్టి ఉందది. అందులో రాసినవి మూడే పేజీలు. మొదటిది వాళ్ళమ్మది. ఆమె ఆ పేజీ మీద ఒకసారి చెయ్యి ఆనించి, మెల్లగా తిప్పి, నాలుగో పేజీ తెరిచింది. పెన్ను పట్టుకుంది.

"చెప్పు నాన్నా," అంది.

"భుజం," అన్నాడు మాస్టారు, "పదిహేడు."